‘మా వాడు ఏమీ చెయ్యడండీ!’

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఐదు బ్లాకుల అపార్ట్‌మెంట్. మా ఇంట్లో మూడేళ్ళ లాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. పిల్లాడిలా పెంచుకున్నాం. ఇంతవరకు ఎవర్నీ కరిచి ఎరగడు. పన్నెండు రోజుల క్రితం పొద్దున్నే కిందికి తీసుకెళ్ళి, పార్కులో ఎవరూ లేరు కదా అని గొలుసు విప్పాను. అప్పుడే సీ బ్లాకు నుంచి ఒక పెద్దావిడ వాకింగ్‌కి వచ్చారు. బ్రూనో ఆడుకోవడానికి ఆవిడ వైపు పరుగెత్తాడు. ‘ఏమీ చెయ్యడండీ, భయపడకండి’ అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆవిడ కంగారుపడి వెనక్కి జరగబోయి పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది. కాలి మీద వాడి గోరు గీరుకుని కాస్త రక్తం వచ్చింది, వాళ్ళింట్లో పసుపు అద్దారట. కరవలేదు కాబట్టి ఇంజెక్షన్లు అక్కర్లేదనుకున్నాం. బ్రూనోకి పోయినేడు టీకాలు వేయించిన గుర్తు.

మర్నాడే అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. కుక్క లిఫ్టు ఎక్కకూడదట, పార్కులో అడుగు పెట్టకూడదట, ఐదువేలు జరిమానా అట, నెలలోగా దాన్ని పంపించెయ్యాలట. పెద్దావిడ కొడుకు పోలీసు కంప్లయింట్ ఇస్తానంటున్నాడు. మావారేమో డబ్బు కట్టేసి ఊరుకుందాం అంటారు. కరవని కుక్కకి ఇంత శిక్షా అని నా కడుపు రగిలిపోతోంది. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో చదువుతున్నాడు. అక్కడ పార్కుల్లో కుక్కల్ని హాయిగా వదిలేస్తారట, ఎవరూ ఏమీ అనరట. నేను గేటు బయట నాలుగు వీధికుక్కలకి రోజూ అన్నం పెడతాను, ఇప్పుడు అదీ మానమంటున్నారు. అసలు రూల్స్ ఏం చెబుతున్నాయి? వీళ్ళకి ఇంత అధికారం ఉందా?

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బ్రూనో వయసు, జాతి, గుణం అన్నీ ఉన్నాయి. ఆ పెద్దావిడ చెయ్యి ఎలా ఉంది, సిమెంటు కట్టు వేశారా, ఆపరేషన్ అన్నారా, మీరు వెళ్ళి పలకరించారా అన్నది మాత్రం ఎక్కడా కనపడలేదు. మీకు పట్టలేదని అనను. గొడవలో పడి మర్చిపోయి ఉంటారు. కానీ మీ అపార్ట్‌మెంట్‌లో మీ మీద రేగిన కోపంలో సగం అక్కడినుంచే వచ్చిందేమోనని నా అనుమానం.

ముందు ఆ గోరు గీత సంగతి. ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసింది దానికోసమే. ఇక్కడ మళ్ళీ రాస్తున్నది మిగతా పాఠకుల కోసం. రేబిస్ రావడానికి కాటే పడనక్కర్లేదు. కుక్క తన పంజాలు తనే నాక్కుంటుంది, గోళ్ళకి లాలాజలం అంటుకుని ఉంటుంది. చర్మం గీరుకుపోయి రక్తం కనిపించిందంటే దాన్ని కాటులాగే చూడాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పుయ్యకూడదు. కుళాయి ధార కింద సబ్బుతో పావుగంట కడగాలి. ఆ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, సబ్బుకి అది విచ్చిపోతుంది. ఇంత చవక వైద్యాన్ని మనవాళ్ళు వదిలేసి పసుపు డబ్బా వైపు పరుగెడతారు. కడిగాక అదే రోజు టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చిన గాయమైతే, వైరస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా గాయం చుట్టూ ఇస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న కథ ఇంకా జనాన్ని ఆసుపత్రికి రాకుండా చేస్తోంది. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు కండకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో. 0 అంటే మొదటి డోసు వేసిన రోజు. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ ఇస్తారు.

మీ విషయంలో ఒక ఊరట ఉంది. రేబిస్ వైరస్ లాలాజలంలోకి దిగిన కుక్క మామూలుగా పది రోజుల్లోపే జబ్బు పడి చచ్చిపోతుంది. కరిచిన కుక్కని పది రోజులు గమనించమని చెప్పేది అందుకే. పన్నెండో రోజుకి కూడా బ్రూనో గిన్నె ఖాళీ చేసి గంతులేస్తున్నాడని మీరు ఫోన్‌లో చెప్పారు కాబట్టి ఆ పెద్ద భయం తీరినట్టే. అయినా ఆవిడని డాక్టరుకి చూపించమన్నాను. ఏ డోసు వెయ్యాలో, ఏది మానాలో అక్కడ తేలుస్తారు. పది రోజులు చూసి, ఏమైనా అయితే అప్పుడు టీకా వేయించుకుందాం అనుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అది ప్రాణంతో జూదం. టీకా మొదటిరోజే మొదలవ్వాలి, కుక్కని గమనించడం దాంతోపాటు సాగాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి దాదాపు మందు లేదు.

మీరు రాసిన ఇంకో మాట నన్ను ఆపేసింది: ‘పోయినేడు టీకాలు వేయించిన గుర్తు.’ గుర్తు కాదమ్మా, కాగితం కావాలి. నా సర్వీసంతా పశువైద్యశాలల్లో గడిచింది. ఇలాంటి రోజు వచ్చినప్పుడు యజమానిని ఒడ్డున పడేసేది ఆ టీకా కార్డొకటే. రేబిస్ టీకా కుక్కకి మూడో నెలలో మొదలుపెట్టి ఏటా వేయించాలి. హైదరాబాద్ మునిసిపల్ పరిధిలో పెంపుడు కుక్కకి లైసెన్సు తీసుకోవాలి, దానికి ఆ టీకా సర్టిఫికెట్ జతచెయ్యాలి. నా ఎరుకలో లైసెన్సు ఉన్న కుక్కలకంటే లేనివే ఎక్కువ. అడిగేవాడు లేడని అందరూ ఊరుకుంటారు. అడిగే రోజు మాత్రం ఇలాంటి గొడవ రోజే అవుతుంది. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతువుల జనన నియంత్రణ నిబంధనలు కూడా టీకా బాధ్యత పెంపుడు కుక్క యజమానిదే అని తేల్చి చెప్పాయి.

ఇక ‘కరవలేదు కదా’ అన్న మీ వాదన. ఉత్తరంలో మూడుచోట్ల ఆ మాటే ఉంది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగాలి.

2024 జూలై 1 నుంచి మనకి పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 291వ సెక్షన్ పెంపుడు జంతువుల గురించి. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్రమైన గాయానికో ప్రమాదం కలగవచ్చని తెలిసీ, లేదా నిర్లక్ష్యం వల్ల, తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరునెలల దాకా జైలు, లేదా ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. పాత చట్టంలో 289వ సెక్షన్‌గా ఉన్నదే ఇది, అప్పుడు జరిమానా వెయ్యి. ఈ సెక్షన్‌లో ‘కాటు’ అన్న మాట ఎక్కడా లేదు. కుక్క అనీ లేదు. ఎద్దు పొడిచినా, గేదె తొక్కినా ఇదే. చట్టం అడిగే ప్రశ్న ఒకటే: జరగబోయేదాన్ని ఆపడానికి నువ్వేం చేశావు? మీ దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ ఉదయం గొలుసు విప్పింది మీ చేతులే.

‘తీవ్రమైన గాయం’ అంటే రక్తం మడుగు అనుకుంటాం. చట్టం దానికి ఒక పట్టిక రాసిపెట్టింది. అందులో ఎముక విరగడం ఉంది. డెబ్బై దాటిన మనిషికి మణికట్టు విరిగిందంటే అది ఆ పట్టికలోదే. ఇతరుల భద్రతకి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం గురించి 125వ సెక్షన్ వేరే ఉంది. దాని వల్ల తీవ్రమైన గాయమైతే మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా అని రాసి ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ కేసు అక్కడిదాకా వెళ్తుందో లేదో చెప్పాల్సింది వకీలు, తేల్చాల్సింది కోర్టు. కానీ ఆ కొడుకు పోలీస్ స్టేషన్‌కి వెళ్తే చేతిలో ఏమీ లేకుండా వెళ్ళడు. ఇది తెలిసే మీరు ఆయనతో మాట్లాడాలి.

కాటు లేకుండానే ఎంత జరగవచ్చో మన ఊళ్ళోనే చూశాం. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన డెలివరీ కుర్రాడు, తలుపు సందులోంచి మీదికొచ్చిన జర్మన్ షెపర్డ్‌కి భయపడి మూడో అంతస్తు నుంచి దూకాడు. ఆసుపత్రిలో ప్రాణం పోయింది. యజమాని మీద కేసు పెట్టారు. ఆ కుక్క కూడా వాళ్ళింట్లో ముద్దుగా పెరిగిందే అయ్యుంటుంది.

‘మా వాడు ఏమీ చెయ్యడండీ’ అన్నది ప్రతి కుక్క యజమాని నోటినుంచీ వింటాను. నేనూ అన్నాను, మా ఇంట్లో కుక్క ఉన్న రోజుల్లో. ఆ మాట అబద్ధం కాదు. కానీ వినేవాళ్ళకి అది పనికిరాదు. బ్రూనో మనసు మీకు మూడేళ్ళుగా తెలుసు. ఆవిడకి కనిపించింది ముప్పై కిలోల ఒళ్ళు, తెరిచిన నోరు, తనవైపు వస్తున్న వేగం. మీరు అరుస్తున్నారంటేనే ఏదో జరగబోతోందని ఆవిడకి అర్థమై ఉంటుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ సమయంలో మీరు పిలవాల్సింది బ్రూనోని. మీరు ఆవిడకి నచ్చజెబుతున్నారు.

మీ అబ్బాయి ఇంగ్లండ్ గురించి చెప్పినది సగమే. అక్కడ పార్కుల్లో కుక్కల్ని వదులుతారు, నిజమే. ఆ వదలడం వెనకాల 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం కాపలా ఉంటుంది. కుక్క గాయపరుస్తుందేమోనని ఎదుటి మనిషికి సహేతుకమైన భయం కలిగితే చాలు, కుక్క ప్రమాదకరంగా అదుపు తప్పినట్టే లెక్క. పళ్ళు తాకనక్కర్లేదు. 2014 నుంచి అది సొంత ఇంట్లో జరిగినా వర్తిస్తుంది. గాయమే లేకపోయినా ఆరునెలల దాకా జైలు, గాయమైతే ఐదేళ్ళ దాకా, మనిషి చనిపోతే పద్నాలుగేళ్ళ దాకా. మెడపట్టీ మీద యజమాని పేరు, చిరునామా ఉండాలి. ఫలానా పార్కులో, ఫలానా బీచిలో గొలుసు తప్పనిసరి అని స్థానిక కౌన్సిళ్ళు ఉత్తర్వులు వేస్తాయి, ఉల్లంఘిస్తే అక్కడికక్కడే జరిమానా వడ్డిస్తారు. ఆవిడ పడిపోయింది అక్కడి పార్కులో అయితే, బ్రూనో కరవలేదన్న మాట మీరు ఎత్తే అవకాశం కూడా ఉండేది కాదు. మన 291వ సెక్షన్ భయాన్ని లెక్కలోకి తీసుకోదు, ప్రాణప్రమాదం, తీవ్రగాయం దగ్గరే మాట్లాడుతుంది. రోజువారీ భయానికి ఇక్కడ చట్టంలో చోటు చాలక, ఆ ఖాళీలో అసోసియేషన్లు దూరాయి. దూరి, మీటింగ్‌లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటని రూల్ చేస్తున్నాయి.

మీ అసోసియేషన్ చేసింది కూడా అదే. కుక్క కాటుకి చెప్పుదెబ్బ అన్నట్టుంది, అసలు కాటే లేకుండా. భారత జంతు సంక్షేమ మండలి అని కేంద్రం 1962లో పెట్టిన సంస్థ ఒకటి ఉంది. అపార్ట్‌మెంట్లలో కుక్కల విషయమై 2015లో అది మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ ఓటుతో కూడా పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు. పెద్ద కుక్క, చిన్న కుక్క అని తేడా పెట్టకూడదు. లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదు, ఎక్కితే అదనంగా డబ్బు కట్టమనీ అనకూడదు. పార్కు నుంచి వెళ్ళగొట్టే బదులు అందరికీ కుదిరే వేళలు మాట్లాడుకోమంది. 2021లో కేరళ హైకోర్టు ఇంకో అడుగు వేసి, కుక్కల్ని పెంచకూడదని అసోసియేషన్ తన నియమావళిలో, అంటే బైలాస్‌లో, రాసుకున్నా అది చెల్లదని తీర్పిచ్చింది. ఆ తీర్పు తెలంగాణని కట్టిపడెయ్యదు కానీ, ఇక్కడ వాదనకి దిగితే మీ వైపు నిలబడుతుంది. అయితే అదే తీర్పు, పెంపకానికి సబబైన షరతులు పెట్టుకోవచ్చని కూడా చెప్పింది. మార్గదర్శకాలు సైతం ఉమ్మడి స్థలాల్లో కుక్కకి గొలుసు వెయ్యమని యజమానుల్ని కోరవచ్చంటాయి. మూతికి చిక్కం వెయ్యాల్సిందేనని పట్టుబట్టడానికి మాత్రం ఒప్పుకోవు.

కాబట్టి నెలలోగా బ్రూనోని పంపించెయ్యమన్న తీర్మానం నిలవదు. లిఫ్టు నిషేధం నిలవదు. ఐదువేలు ఏ బైలా కింద వేశారో రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. కుక్కని ఎక్కడో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన దింపేసి రావడం నేరం అన్న సంగతి కూడా వాళ్ళకి గుర్తు చెయ్యండి. తిండికీ నీళ్ళకీ అల్లాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద తప్పు. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! 1960లో యాభై రూపాయలంటే డబ్బే. ఇప్పుడు ఒక ప్లేట్ ఇడ్లీకి చాలదు. చట్టం చదివితే నవ్వొస్తుంది, కానీ నేరం నేరమే.

అధికారం లేదని తేలింది కదా, ఇక మీరు గెలిచినట్టేనా? ఆ కాగితాలన్నీ తీసుకెళ్ళి మీటింగ్‌లో గట్టిగా చదివితే వాళ్ళు నోరు మూసుకుంటారు. ఆ తర్వాత లిఫ్టులో మీరూ బ్రూనో ఎక్కినప్పుడల్లా మిగతావాళ్ళు దిగిపోతారు. అపార్ట్‌మెంట్‌లో బతకాల్సింది మీరు. నేనైతే వాళ్ళు తప్పుడు రూల్ రాసినచోట సరైన రూల్ రాసి నా చేతులతో ఇస్తాను. కమిటీలకి సాధారణంగా కావలసింది ఒక రూల్ ఉందన్న తృప్తి. అది మీ కలంతో వస్తే మీకే మేలు.

ఇలా రాయండి: ‘ఫలానా తేదీన నా నిర్లక్ష్యం వల్ల జరిగినదానికి బాధ్యత నాది. వైద్యం ఖర్చు మేం భరిస్తాం. ఇకమీదట మా కుక్క ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా గొలుసు మీదే ఉంటుంది, సెల్లార్‌లో గానీ పార్కులో గానీ విప్పం. పెద్దవాళ్ళు మాత్రమే బయటికి తీసుకెళ్తారు. లిఫ్టులో ఎవరైనా ఉంటే వాళ్ళు రమ్మంటేనే ఎక్కుతాం, లేకపోతే తర్వాతి లిఫ్టుకి ఆగుతాం. ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా పార్కు లోపలి దారి నడిచేవాళ్ళకి వదిలేసి, కాంపౌండు గోడ వెంబడి తిప్పుకుంటాం. మలమూత్రాలు మేమే శుభ్రం చేస్తాం. టీకా కార్డు, లైసెన్సు నకళ్ళు ఆఫీసులో ఇస్తున్నాం. ఇవే షరతులు కుక్కలున్న అన్ని ఫ్లాట్లకీ వర్తింపజెయ్యమని కోరుతున్నాం.’ చివరి వాక్యం మర్చిపోవద్దు. ఐదు బ్లాకుల్లో మీ ఒక్కరిదే కుక్క అయ్యుండదు. మిగతావాళ్ళు ఇప్పుడు గోడమీద పిల్లిలా చూస్తూ ఉంటారు.

వేళల గురించి రెండు మాటలు. మన ఊళ్ళలో ఎండాకాలం ఎనిమిదైతే తారు రోడ్డు కుక్క పాదాల్ని కాల్చేస్తుంది. అందుకే కుక్కల యజమానులంతా తెల్లవారుజామునే దిగుతారు. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు దిగేది కూడా అప్పుడే. గొడవలన్నీ ఆ గంటన్నరలోనే పుడతాయి. ఐదింటికి లేవగలిగితే సగం సమస్య లేదు.

గొలుసు అన్నాను కానీ ఏ గొలుసన్నది ముఖ్యం. బటన్ నొక్కితే ఐదు మీటర్లు సాగే తాడు లాబ్రడార్‌కి కొనకండి. అది చేతిలో ఉన్నా కుక్క వదిలేసినట్టే. పైగా లిఫ్టు తలుపు మూసుకునేటప్పటికి మీరు లోపల, కుక్క బయట ఉండిపోయిన ఘోరాలు జరిగాయి. ఐదారు అడుగుల మామూలు నైలాన్ లీష్, ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న బాడీ బెల్టు చాలు. మెడపట్టీకి కట్టి లాగితే లాబ్రడార్ బండి ఎద్దులా ఇంకా ముందుకే లాగుతుంది. ఛాతీ దగ్గర కొక్కెం ఉంటే లాగినప్పుడల్లా మీ వైపే తిరుగుతుంది. మీరు ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో బ్రూనోని కిందికి దింపేది ఎవరు? వాచ్‌మన్ కొడుకా, పనమ్మాయా? కుక్క కంటే తక్కువ బరువున్న మనిషి చేతికి లీష్ ఇవ్వకండి.

మూడేళ్ళ లాబ్రడార్ ఒంటికి పెద్దది, బుద్ధికి ఇంకా కుర్రది. మనుషుల మీదికి ఎగబడటం వాడికి పలకరింపు. కూనగా ఉన్నప్పుడు ముద్దొచ్చి మనమే నేర్పిన అలవాటది. మాన్పించడం కష్టమేమీ కాదు. నాలుగు కాళ్ళూ నేల మీదుంటేనే చెయ్యి వేసి పలకరించాలి, ఎగిరితే మొహం తిప్పుకోవాలి. ఇంట్లో ఒకరు ఇలా, ఇంకొకరు అలా చేస్తే మాత్రం పని జరగదు. మీవారికీ చెప్పండి. రెండోది ‘రా’ అంటే రావడం. పొడుగాటి తాడు కట్టి, పిలిచి, వచ్చిన ప్రతిసారీ చిన్న పన్నీరు ముక్కో, ఉడికిన గుడ్డు ముక్కో పెట్టండి. ఆలస్యంగా వచ్చినా తిట్టకండి. తిడితే వాడు నేర్చుకునేది ఒక్కటే, రా అంటే తిట్లు అని. నెల పోయాక కూడా ఉమ్మడి స్థలంలో విప్పమని నేను చెప్పడం లేదు. స్వేచ్ఛగా పరుగెత్తాలంటే కొండాపూర్‌లో కుక్కల కోసమే కట్టిన పార్కుంది, సెలవు రోజు తీసుకెళ్ళండి. ఈ గొడవకి జడిసి బాల్కనీలో రోజంతా కట్టేసి ఉంచుతారేమో, అదీ వద్దు. ఎప్పుడూ కట్టేసి ఉంచిన కుక్కకి వ్యాయామం లేకుండా చెయ్యడం కూడా ఆ 1960 చట్టం కింద తప్పే. కట్టేసిన కుక్కకి కోపం పెరుగుతుంది, అది మీకు ఇంకా పెద్ద చిక్కు.

వీధికుక్కల సంగతి. ఇందులో మీరూ కొంచెం తగ్గాలి, వాళ్ళూ తగ్గాలి. 2023 నిబంధనలు అన్నం పెట్టడాన్ని తప్పు అనలేదు. చోటు మాత్రం పిల్లలు ఆడేచోటికీ, రాకపోకల దారికీ, మెట్లకీ దూరంగా ఉండాలని, ఆ చోటు చూపించాల్సింది అసోసియేషనే అని చెప్పాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడిని వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నాక ఈ ఊళ్ళో ఏ తల్లికి గేటు దగ్గర నాలుగు కుక్కలు కనిపించినా గుండె ఆగుతుంది. ఆ భయాన్ని చాదస్తం అనకండి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రోడ్ల మీద ఇష్టమొచ్చినచోట తిండి పెట్టొద్దని, వార్డుకొకటిగా చోట్లు చూపించమని మునిసిపాలిటీలని ఆదేశించింది. సంతాన నియంత్రణ ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టుకున్నచోటే తిరిగి వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ దూకుడువాటినీ తప్ప. మీ గేటు ముందు చోటు ఎలా చూసినా తప్పే. వెనక గోడ వైపు, జనం తిరగని వేళ, పెట్టాక గిన్నెలు తీసేసేలా ఒప్పందానికి రండి. ఆ నాలుగింటికీ ఆపరేషన్, టీకా అయ్యాయో లేదో చూసి, కాకపోతే మునిసిపాలిటీ వాళ్ళని పిలిపించండి. ఆపరేషన్ అయినదాని చెవి కొన కాస్త కత్తిరించి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. అన్నం పెట్టే మనిషి దగ్గరికే అవి భయం లేకుండా వస్తాయి కాబట్టి పట్టించే పనికి మీ అంత సరైనవాళ్ళు వేరే దొరకరు.

పోలీసు కంప్లయింట్ వస్తే దాక్కోకండి, అబద్ధం ఆడకండి. ‘గొలుసు తెగిపోయింది’ అనమని ఎవరైనా సలహా ఇస్తారు. పార్కులో సీసీ కెమెరా ఉండే ఉంటుంది. ఒక వకీలుని సంప్రదించి, టీకా కార్డు, ఆసుపత్రి బిల్లులు కట్టిన రసీదులు దగ్గర పెట్టుకోండి. వాళ్ళు నష్టపరిహారం కోసం సివిల్ కోర్టుకీ వెళ్ళవచ్చు. అందుకని కూడా ఖర్చు ముందే మీరై భరించడం మంచిది. అసోసియేషన్ మీ ఉత్తరం తీసుకున్నాక కూడా కుక్కని పంపాల్సిందేనని మొండికేస్తే, అప్పుడు ఆ మార్గదర్శకాల నకలు జతచేసి జంతు సంక్షేమ మండలికి రాయండి. అంతదాకా వెళ్ళదనే అనుకుంటున్నాను.

మీవారు డబ్బు కట్టేసి ఊరుకుందాం అన్నారు చూడండి, అది మాత్రం చెయ్యకండి. జరిమానా కడితే డబ్బు అసోసియేషన్ ఖాతాలోకి పోతుంది, ఆ పెద్దావిడకి ఒక్క రూపాయి అందదు. అదే ఐదువేలు ఆవిడ ఫిజియోథెరపీకి పనికొస్తుంది. కట్టు విప్పాక ఆ వయసులో వేళ్ళు బిగుసుకుపోతాయి, నెలల తరబడి వ్యాయామం చేయించాలి.

ఈ సాయంత్రమే సీ బ్లాకుకి వెళ్ళిరండి. ఒక చేత్తో ఆవిడ ఏం చేసుకోగలుగుతున్నారో, ఏం చేసుకోలేకపోతున్నారో అడగండి. జడ వేసుకోలేకపోతుంటే వేసి రండి. సెక్షన్లూ, మార్గదర్శకాలూ అక్కడ ఎత్తకండి. బ్రూనోని మాత్రం వెంట తీసుకెళ్ళకండి.